అడిగితేనే చెప్పే నొప్పి

కువైట్‌లో మెడికల్ కాలేజీ పిల్లల ముందు కూర్చుని, లేని నొప్పిని ఉన్నట్టు చెప్పడం నా చివరి ఉద్యోగం. దానికి కాలేజీవాళ్లు ఇంగ్లీషులో పెద్ద పేరు పెట్టారు. మేము మాత్రం ఉత్తుత్తి పేషెంటు అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ పని మానేశాను. నా చోటికి మన కడప, రాయచోటి వైపు అమ్మాయిలే వస్తున్నారని విని, వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని కాబట్టి తప్పులు నా కూతురు గంగ దిద్దింది. మాటలు మాత్రం మార్చనివ్వలేదు.

వీసా ఎట్లా మారింది, ఇక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా ఎవరు కొట్టించారు, జీతం ఎప్పుడు పెరిగింది అనే సంగతులు ఇందులో ఉండవు. అవి ఎవరివి వాళ్లకే తెలుస్తాయి. పని గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

బియ్యం, మాంసం, ఉప్పు

ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో చాలా ఏళ్లు వంట చేశాను. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు. ఆమె చెల్లెలు డాక్టర్ మునీరా. శుక్రవారం భోజనానికి వచ్చేది. ఒకసారి వంటింట్లోకి వచ్చి, "ఓబులమ్మా, ఈ మచ్‌బూస్‌లో ఏమేశావు?" అని అడిగింది.

"బియ్యం" అన్నాను.

"ఇంకా?"

"మాంసం."

"ఇంకా?"

"ఉప్పు."

ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని పడీపడీ నవ్వింది. "నీ నోట్లోంచి మాట రావాలంటే పట్టకారుతో లాగాలి. నాకు సరిగ్గా నీలాంటి పేషెంటే కావాలి" అంది.

నాకు ఏ జబ్బూ లేదని చెప్పాను. అదే మంచిదంది. తర్వాత విడమరిచి చెప్పింది. ఆమె కాలేజీలో కొందరు పిల్లలుంటారు. పుస్తకం మొత్తం నోటికి వచ్చు, రాత పరీక్షలో ముందుంటారు. పేషెంటును ఎదురుగా కూర్చోబెడితే మాత్రం ఫెయిలవుతారు. ఒకడు మాట్లాడడు. ఒకడు ఆపడు. ఇంకొకడు కడుపు నొప్పి అన్నవాణ్ణి చూసి భయపడి నవ్వుతాడు. అట్లాంటి వాళ్లను విడిగా కూర్చోబెట్టి మనిషితో మాట్లాడటం నేర్పే పని ఆమెది. ఈ దేశంలో ఆసుపత్రికి వెళ్లేవాళ్లలో వంటవాళ్లు, డ్రైవర్లు, పనిమనుషులు ఎంతోమంది. వచ్చీరాని అరబ్బీలో రెండు ముక్కలు చెప్పి ఊరుకునే వాళ్లతో ఎట్లా మాట్లాడాలో పిల్లలకు తెలియాలి. అందుకు మాలాంటి వాళ్లు కావలసి వచ్చారు.

నాతోపాటు మంగఫ్ నుంచి మస్తాన్ బీ వచ్చేది. రాయచోటి మనిషి, నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. డాక్టర్ మునీరా మొదటి రోజే నా కూతురి పేరడిగి, ఆనాటి నుంచి నన్ను ఉమ్ గంగ అని పిలిచింది. గంగ తల్లి అని అర్థం. ఇక్కడ పెద్దవాళ్లను అట్లా పిలవడం మర్యాద. అన్నేళ్లలో నన్ను ఆ దేశపు మనిషి అట్లా పిలవడం అదే మొదలు. పిల్లలకు మాట నేర్పే మనిషికి ముందుగా తనకు మాట తెలియాలి. ఆమెకు తెలుసు.

మాట పొదుపు

పని ఇట్లా ఉంటుంది. ముందుగా మనకొక కథ చెప్తారు. నీ పేరు ఇది, నీ నొప్పి ఇక్కడ, ఇన్ని రోజులుగా ఉంది, ఒక సంగతి మాత్రం దాచుకున్నావు. విద్యార్థి సరిగ్గా అడిగితేనే ఆ దాచుకున్నది చెప్పాలి. అడగకపోతే గది దాటి బయటికి వచ్చేదాకా కడుపులోనే పెట్టుకోవాలి.

ఇది చెప్పినంత తేలిక కాదు. ఎదురుగా పిల్లవాడు చెమటలు కక్కుతుంటే, పాపం ఒక్క మాట అందిద్దామనిపిస్తుంది. అందించకండి. ఇక్కడ మీరు జాలిపడి అందించిన మాట రేపు అసలు పేషెంటు అందించదు. అక్కడ నష్టపోయేది ఆమె.

నాకు ఈ నియమం కష్టమనిపించలేదు. నేను టీ పొడిని రెండోసారి మరిగించే మనిషిని. మాటను ఊరికే పారబోస్తానా! మస్తాన్ బీ అట్లా కాదు. ఆమె తలుపు తెరుచుకోగానే ఏడుపు మొదలుపెట్టి, ఎదుటివాడు కుర్చీలో కూర్చునేలోపు కథంతా చెప్పేసేది. మొదటి వారం ఒక పిల్లవాడు ఒక్క ప్రశ్న కూడా అడగకుండానే జబ్బు కనుక్కుని, సంతోషంగా బయటికొచ్చాడు.

"ఏం మే, వానికి పరీక్ష పెట్టమంటే నువ్వే రాసిచ్చి పంపినావే" అన్నాను.

"ఏం జేయాలక్కా, వాని మొగం జూస్తే మా చిన్నోడు గుర్తొచ్చినాడు."

"గుర్తొస్తే ఇంటికిబోయి ఫోన్ జేయి. ఈడ గమ్మునుండు. ఆ కాగితం రుమాళ్లు గూడా అన్నన్ని లాగొద్దు. డబ్బా సగం నువ్వే ఖాళీ జేస్తాండావు."

"నీ కండ్లలో నీళ్లు గూడా లెక్కజూసి రాలుస్తావక్కా నువ్వు!"

ఆ మాటకు నేనూ నవ్వాను. ఏడుపు బాగా వస్తే మంచి పేషెంటు అనుకోకండి. మంచి పేషెంటు ఎదుటివాడికి చోటిచ్చి కూర్చుంటుంది. మస్తాన్ బీ కూడా తర్వాత తర్వాత నేర్చుకుంది. ఏడుపు మాత్రం కొంచెం మిగుల్చుకుంది, అది ఆమెకు బాగుండేది.

మామా వేషం

ఇక్కడ పనిమనిషి ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్లడం తక్కువ. ఇంటి యజమానురాలు, అంటే మామా, పక్కన కూర్చుంటుంది. డాక్టరు అడిగితే ఆమే జవాబు చెప్తుంది. మాలో అందరికీ ఇది తెలిసిన సంగతే. అందుకని డాక్టర్ మునీరా ఆ వేషానికి కూడా ఒకావిడను తెచ్చింది. ఉమ్ బదర్ అంటారు. ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయిన మనిషి. కువైటీ. జీతం లేకుండా సరదాకి వచ్చేది.

గదిలో ఆవిడ నా మీద అరిచే అరుపులకు విద్యార్థులు ఒణికేవాళ్లు. "దీనికి నొప్పీ లేదు, ఏమీ లేదు డాక్టర్! ఇంట్లో అతిథులున్నారు, యల్లా, ఒక ఇంజెక్షన్ ఇచ్చి పంపండి!" అనేది. బయటికి రాగానే నా చేయి పట్టుకుని, "మరీ ఎక్కువైందా ఉమ్ గంగా? నీకు కోపం రాలేదు కదా?" అని అడిగేది.

"రాలేదు. నేను చూసిన వాళ్లలో మీరే నయం" అంటే, అబాయా జారిపోయేలా నవ్వేది. ఆవిడ ఫ్లాస్కులో టీ తెచ్చేది, నేను ఇంటి నుంచి కారం బూందీ తెచ్చేదాన్ని. ఆవిడకు ఒక గుప్పెడు కంటే ఎక్కువ పెట్టేదాన్ని కాదు. కారం ఆవిడకు పడదని కొంత, నా బూందీ అయిపోతుందని కొంత.

దలాల్ కుర్చీ

ఈ ఉద్యోగంలో చాలామంది పిల్లల్ని చూశాను. అందరిలోకి నాకు ఎక్కువ నేర్పి పోయింది దలాల్ అనే అమ్మాయి. అందుకే మిగతావాళ్లను వదిలి ఆమె గురించే రాస్తాను.

దలాల్ సన్నగా, ఎర్రగా ఉండేది. చదువులో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పేషెంటుతో మాట్లాడే పరీక్షలో మాత్రం ఫెయిలై, మళ్లీ రాయాల్సి వచ్చింది. ఈసారి కూడా పోతే కాలేజీ నుంచి పేరు తీసేస్తారు. డాక్టరు కావడం అంతటితో సరి. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

మొదటిసారి వచ్చినప్పుడు నేను వంటమనిషి వేషంలో ఉన్నాను, ఉమ్ బదర్ మామాగా పక్కన కూర్చుంది. దలాల్ లోపలికి రాగానే ఉమ్ బదర్‌కు ఎదురుగా కుర్చీ వేసుకుంది. "ఖాలా, ఈమెకు నొప్పి ఎప్పటి నుంచి?" అని, పిన్నమ్మను పిలిచినట్టు పిలిచి ఆవిడనే అడిగింది. "తిండి తింటోందా? నిద్ర పోతోందా?" ఇవన్నీ ఆవిడకే. నేను ఆ గదిలో ఒక సంచీలాగా కూర్చున్నాను. మధ్యలో నా వైపు ఒక్కసారి తిరిగి, "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని మళ్లీ ఆవిడ వైపు తిరిగింది. నేనింకా ఏ బాధా చెప్పనేలేదు.

బయటికొచ్చాక మస్తాన్ బీతో, "బలిసినోళ్ల బిడ్డ. పనోళ్లు దానికి మనుషుల్లెక్క కనపడరు" అన్నాను.

డాక్టర్ మునీరా ఆమెకు, పేషెంటు ముఖం చూసి మాట్లాడమని చెప్పింది. మరుసటిసారి దలాల్ రెప్ప వేయకుండా నన్నే చూసింది. పాస్‌పోర్టు కౌంటర్‌లో కూడా నన్నెవరూ అంత గట్టిగా చూడలేదు. ఉమ్ బదర్ నోరు తెరవగానే మాత్రం మళ్లీ ఆమె మెడ అటు తిరిగింది. ఉమ్ బదర్ వేషం వదిలేసి, "హబీబ్తీ, నన్ను బయటికి పంపు! నేనుంటే ఆమె నిజం చెప్పదు" అంది.

"మిమ్మల్నా? బయటికా?" దలాల్ ముఖం ఇంకా ఎర్రబడింది. "ఖాలా, మీరు మా అమ్మమ్మ అంతటివారు."

"అయితే కుర్చీ అయినా ఆమె వైపు తిప్పుకో."

దలాల్ కుర్చీని చూసింది, ఉమ్ బదర్‌ను చూసింది. "అట్లా తిప్పితే నా వీపు మీ వైపు వస్తుంది" అంది.

ఆ పిల్ల పెరిగిన ఇంట్లో పెద్దావిడ కూర్చుని ఉంటే ఎవరూ వీపు పెట్టరు, ఆవిడ మాట్లాడుతుంటే పక్కవాళ్లతో మాట్లాడరు. ఆ రోజు వెళ్లేటప్పుడు గమనించాను. ఉమ్ బదర్ వైపు వీపు రాకుండా పక్కకు నడిచింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉంటే, నాకూ వీపు పెట్టకుండా గోడవారగా ఒదిగి వెళ్లింది. ఆమె పొగరుమోతు కాదు. బాగా పెంచిన పిల్ల. ఆ పెంపకమే ఆమెకు అడ్డం పడుతోంది.

కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఈ పిల్లలు మాటలో తడబడితే అది గుండె లేక కాదు. ఎక్కువసార్లు ఇంట్లో నేర్చుకున్న ఒక మంచి అలవాటు తప్పు చోట అడ్డం నిలబడి ఉంటుంది.

డాక్టర్ మునీరా ఆ సాయంత్రం మాతో టీకి కూర్చుని తనను తానే తిట్టుకుంది. "నేను పుస్తకంలో మాట నేర్పిస్తున్నాను. దయచేసి కాసేపు బయట కూర్చుంటారా అని. ఆ మాట ఇంగ్లీషులో బాగానే ఉంటుంది. మన భాషలో పెద్దావిడతో అంటే చేయి పట్టి గెంటినట్టుంది." ఆమెలాగా తన పాఠాన్ని తప్పుపట్టుకున్న పైఅధికారిని నేను ఇంకొకరిని చూడలేదు. అయితే ఏ మాట అనాలో ఆమెకూ తోచలేదు. ఉమ్ బదర్ కొన్ని చెప్పింది, దలాల్ ఒక్కొక్కటీ పలికి చూసింది. ఏదీ ఆమె నోటికి కుదరలేదు. పరీక్ష దగ్గరికి వచ్చేసింది.

పరీక్ష గది

పరీక్ష రోజు మూలలో బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి కూర్చున్నాడు. ఆయన ముఖం గోడలాగా ఉంది. నా కథ ఇది. నా పేరు రెడ్డమ్మ, ఒక ఇంట్లో వంటా, పిల్లవాణ్ణి చూసుకోవడమూ నా పని. షుగరు ఎక్కువైంది. మాత్రలు ఇచ్చారు కానీ వేసుకోవడం మానేశాను. ఎందుకంటే పొద్దున్నే ఏమీ తినకుండా మాత్ర వేసుకుంటే కళ్లు తిరిగాయి, చంకలో పిల్లవాడితో మెట్ల మీద కూలబడ్డాను. పిల్లవాడికి ఏమీ కాలేదు. మామాకు తెలిస్తే ఊరికి పంపించేస్తుంది. దాచుకోవాల్సింది ఇదే.

దలాల్ వచ్చింది. చేతులు శుభ్రం చేసుకుంది. ముందు ఉమ్ బదర్ దగ్గరికి వెళ్లింది. మళ్లీ మొదలైంది అనుకున్నాను.

"శ్లోనిచ్ ఖాలా, ఆరోగ్యం ఎలా ఉంది? ఇంట్లో అందరూ క్షేమమా?" అని కుశలం అంతా అడిగింది. తర్వాత నాకూ అదే అడిగింది, ఒక్కటి కూడా తగ్గించకుండా.

"దీన్ని అడగడమెందుకు? దీనికి షుగరు. మాత్రలు వేసుకుంటూనే ఉంది. నేనే తెచ్చిస్తున్నాను" అంది ఉమ్ బదర్. ఆ రోజు ఆవిడ రోజూ కంటే గట్టిగా కూర్చుంది, కదిలే మనిషిలాగా లేదు.

దలాల్ ఆవిడ ముందు కొంచెం వంగింది. "మీరే స్వయంగా తీసుకొచ్చారు. దేవుడు మీ చేతికి బరకత్ ఇవ్వాలి. ఎంతమంది డ్రైవర్‌తో పంపించేస్తారు! ఖాలా, ఈమె ఇప్పటిదాకా మీ అమానా. కాసేపు నా చేతికి అప్పగిస్తారా? మళ్లీ మీ చేతికే ఇస్తాను."

అమానా అంటే నమ్మి చేతిలో పెట్టిన వస్తువు. దాన్ని పదిలంగా చూడటం వీళ్లకు దేవుడి ముందు బాధ్యత. అట్లా అడిగితే అప్పగించను అనే పెద్దావిడ ఉంటుందా! "తీసుకో బిడ్డా" అని ఉమ్ బదర్ లేచింది. దలాల్ తలుపు దాకా వెళ్లి, ఆవిడను బయట కుర్చీలో కూర్చోబెట్టి వచ్చింది. వచ్చి కుర్చీని పూర్తిగా నా వైపు తిప్పుకుంది.

నేను జాలిపడలేదు. మాత్రలు వేసుకుంటున్నావా అంటే ఊఁ అన్నాను. ఇంకేమైనా చెప్పాలా అంటే, "లా, ఖలాస్" అన్నాను, లేదు, అంతే అని.

మామూలుగా దలాల్ ఇక్కడే తడబడి, మీ బాధ నాకు అర్థమవుతోంది అనేది. ఈసారి అనలేదు. ఏమీ అనలేదు. నా వైపు చూస్తూ కూర్చుంది, తొందర లేనట్టు. గదిలో ఏసీ చప్పుడు వినిపిస్తోంది. పరీక్షాధికారి కలం ఆపాడు. చాలాసేపటికి, "రెడ్డమ్మా, మాత్ర వేసుకున్నాక ఒంట్లో ఎట్లా ఉంటుంది?" అని మెల్లగా అడిగింది.

ఇది అడగవలసిన ప్రశ్న. కాబట్టి చెప్పాను. కళ్లు తిరగడం, మెట్లు, పిల్లవాడు, భయం, అంతా చెప్పాను.

ఆమె కంగారుపడలేదు. "పిల్లాడు బాగున్నాడు కదా? నీకు దెబ్బ తగిలిందా?" అంది. "తప్పు నీది కాదు. ఏమీ తినకుండా ఆ మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతాయి. నీకు ఎవరూ చెప్పలేదు. మందు మేము చూసి మారుస్తాం. అందాకా పిల్లాణ్ణి ఎత్తుకుని మెట్లెక్కవద్దు. అది మాత్రం నాకు మాటివ్వాలి."

ఇచ్చాను.

"మామాకు ఏం చెప్పమంటావు? ఏది చెప్పవద్దంటావు?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న అడిగిన విద్యార్థి లేడు. "మెట్ల సంగతి వద్దు" అన్నాను.

ఆమె ఉమ్ బదర్‌ను లోపలికి పిలిచింది. పొద్దున్నే తిండి తిన్నాకే మాత్ర వేసుకోవాలని, మందు మారేదాకా మెట్ల మీద పిల్లవాణ్ణి గానీ బరువు గానీ మోయకూడదని చెప్పింది. ఉమ్ బదర్ ఊరుకోలేదు. "ఇంతసేపు ఏం చెప్పింది నీకు? నా ఇంట్లో మనిషి. నాకు తెలియాలి."

దలాల్ చిన్నగా నవ్వింది. "ఖాలా, రేపు మీరు నా దగ్గరికి వచ్చి ఒక మాట చెప్తే, బయట కూర్చున్న వాళ్లకు చెప్పమంటారా?"

ఉమ్ బదర్ నన్ను చూసింది, ఆమెను చూసింది. "చెప్పవద్దంటాను" అంది. గంట మోగింది.

టీ వేళ

ఫలితం తెలిసిన రోజు మాకు మామూలు పనిరోజే. ఒక విద్యార్థి వెళ్లాడు, ఇంకొకరు రావాలి. వరండాలో టీ తాగుతున్నాం. డాక్టర్ మునీరా మెట్లెక్కి వస్తోంది, ఆమె వెనకాల దలాల్. మునీరా దూరం నుంచే నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తింది.

అంతే. ఉమ్ బదర్ టీ గ్లాసు నా చేతిలో పెట్టి, నోటి దగ్గర చేయి పెట్టుకుని, పెళ్లిళ్లలో ఆడవాళ్లు వేసే కేక వేసింది. నాలుక ఆడిస్తూ, ఆ చివరి నుంచి ఈ చివరికి వినిపించేలా. మస్తాన్ బీకి ఆ కేక రాదు, అయినా ఆమే అందుకుని ఇంకా గట్టిగా వేసింది. కింది నుంచి సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చి, "ఏమైంది? ఎవరి పెళ్లి?" అని అడిగాడు.

"మా డాక్టరమ్మది!" అంది మస్తాన్ బీ హిందీలో.

"పెళ్లికొడుకేడీ?"

"ఇంకా దొరకలేదు, నువ్వు పని చూసుకో పో!"

దలాల్ నవ్వుతూ ఏడుస్తోంది. ఉమ్ బదర్‌ను కౌగిలించుకుని తల మీద ముద్దు పెట్టింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా తల మీద కూడా పెట్టింది. ఇక్కడ పిల్లలు ఇంటి పెద్దలకు అట్లా పెడతారు. "ఆ రోజు నువ్వు ఖలాస్ అన్నప్పుడు నా ప్రాణం పోయింది ఉమ్ గంగా. ఒక్క మాటైనా అందించలేదే!" అంది.

"అందించి ఉంటే ఈ రోజు ఇంత సంతోషంగా ఉండేదానివా?" అన్నాను. అన్నానే కానీ, మస్తాన్ బీ డబ్బాలోంచి కాగితం రుమాలు ఒకటి కాదు, నాలుగైదు లాగి ఆమెకిచ్చాను. ఒకటి నాకూ ఉంచుకున్నాను. కారం బూందీ పొట్లం విప్పి అందరి ముందూ పెట్టాను, గుప్పెడు లెక్క చూడలేదు.

అంతలో గది తలుపు తెరుచుకుంది. తర్వాతి విద్యార్థి, బక్కపలచటి పిల్లవాడు, భయంగా లోపల కూర్చుని ఉన్నాడు.

"చాలు, నవ్వులు ఆపండి. ఆ పిల్లోడు బెదిరిపోతాండాడు" అన్నాను.

ఉమ్ బదర్ అబాయా సర్దుకుని, కళ్లు తుడుచుకుని, కనుబొమలు ముడిచింది. "యల్లా, నడువు! ఇంట్లో ఎంత పనుంది!" అని నా మీద అరుస్తూ లోపలికి నడిచింది. నేను నవ్వు మింగి, కడుపు పట్టుకుని, ఆవిడ వెనకాల వెళ్లాను.